ఒకరికి శాపం, ఇంకొకరికి వరం: ఒక ఊదా పువ్వు కోర్టుకెక్కిన కథ

ఈ ఎపిసోడ్‌లో రాజులు లేరు, యుద్ధాలు లేవు. మోకాలి ఎత్తు పెరిగే ఒక అడవి మొక్క ఉంది. దాని మీద ఒక కోర్టు కేసు ఉంది. ఆ కేసు వల్ల ఒక దేశం కొత్తగా ఒక చట్టమే రాసుకుంది. ఆ దేశం ఆస్ట్రేలియా.

ముందు మొక్కకున్న పేర్లు వినండి. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్, విక్టోరియా వైపు వెళ్తే దీన్ని ప్యాటర్సన్స్ కర్స్ అంటారు. అంటే ప్యాటర్సన్ గారి శాపం. పక్కనే ఉన్న సౌత్ ఆస్ట్రేలియాలోకి వెళ్తే అదే మొక్క పేరు సాల్వేషన్ జేన్. సాల్వేషన్ అంటే గట్టెక్కించడం, ఉద్ధరించడం. ఒకే మొక్క, ఒకే పువ్వు. ఒక రాష్ట్రంలో శాపం, పక్క రాష్ట్రంలో మోక్షం. ఎందుకలా? ఈ ఎపిసోడ్ మొత్తం ఆ ఒక్క ప్రశ్న మీదే.

అసలు ఈ మొక్క ఏంటి?

శాస్త్రీయ నామం ఎకియం ప్లాంటాజినియం. బొరాజినేసీ కుటుంబం. మన దగ్గర పొలం గట్ల మీద, చెరువు ఒడ్డున నాగదంతి కనిపిస్తుంది కదా, పూలకంకి తేలు తోకలా చుట్టుకుని ఉంటుంది, అది కూడా ఈ కుటుంబమే. పచ్చడి పెట్టుకునే జిగురు కాయల నక్కెర చెట్టునీ చాలాకాలంగా ఇదే కుటుంబంలో లెక్కేస్తున్నారు.

మన హీరో, లేదా విలన్, ఈ ఎకియం సొంత ఊరు మధ్యధరా సముద్రం చుట్టుపక్కల. స్పెయిన్, పోర్చుగల్, దక్షిణ ఫ్రాన్స్, ఉత్తర ఆఫ్రికా. ఆకుల నిండా గరుకైన నూగు ఉంటుంది. పూలు గరాటులా ఉంటాయి, మొగ్గలో గులాబీ రంగు, విచ్చుకున్నాక ఊదా. ఒక్కో పువ్వు నుంచి నాలుగు గింజల వరకు వస్తాయి. నాలుగే కదా అనుకోకండి, పెద్ద మొక్క ఒక్కటే వేల గింజలు రాలుస్తుంది. వాటిలో చాలావరకు ఏళ్ళ తరబడి మట్టిలో మొలవకుండా ఎదురుచూడగలవు. ఈ సంవత్సరం మొక్కలన్నీ పీకేసినా, మట్టిలో బ్యాకప్ అలాగే ఉంటుంది.

శరదృతువులో వాన పడగానే మొలుస్తుంది. చలికాలమంతా వెడల్పాటి ఆకుల్ని నేల మీద పళ్ళెంలా పరుచుకుంటుంది. దాని కింద గడ్డి మొలవదు, ఎండ తగలదు కదా. వసంతం రాగానే కాడ లేచి పూస్తుంది. ఎండాకాలం వచ్చేసరికి చచ్చిపోతుంది, గింజలు మిగులుతాయి. ఒకే సంవత్సరంలో మొత్తం సైకిల్ అయిపోతుంది.

తోటలోంచి పొలంలోకి

ఆస్ట్రేలియాకి ఇది ఎలా వెళ్ళింది? దొంగచాటుగా కాదు, మర్యాదగా, అందమైన పూల మొక్కగా వెళ్ళింది. 1843లో సిడ్నీ దగ్గర క్యామ్‌డెన్ పార్క్ అనే ఎస్టేట్ నర్సరీ కేటలాగ్‌లో ఈ మొక్క పేరుంది. ఆ ఎస్టేట్ మెకార్థర్ కుటుంబానిది. ఆస్ట్రేలియా ఉన్ని పరిశ్రమ చరిత్రలో చాలా పెద్ద పేరు.

ఇక ప్యాటర్సన్ కథ. ముర్రే నది పక్కన ఆల్బరీ అనే ఊరుంది. అక్కడికి దగ్గర్లో స్థిరపడ్డ ప్యాటర్సన్ కుటుంబం ఇంటి ముందు తోటలో ఈ పూలు పెంచారని, అక్కడి నుంచి కంచె దాటి పచ్చిక బయళ్ళలోకి పాకిందని చెబుతారు. జేన్ అనే పేరు కూడా ఆ ఇంటావిడదే అని ఒక మాట. కాదు, పువ్వు ఆకారం సాల్వేషన్ ఆర్మీ ఆడవాళ్ళు పెట్టుకునే టోపీలా ఉంటుంది కాబట్టి ఆ పేరు వచ్చిందని ఇంకో మాట. 1900 తర్వాత తొలి ఏళ్ళకల్లా ప్యాటర్సన్స్ కర్స్ అనే పేరు జనం నోళ్ళలో నాటుకుపోయింది.

ఇక్కడ నాకు కొంచెం అన్యాయం కనిపిస్తుంది. నర్సరీ కేటలాగ్ 1843 నాటిది. తర్వాత శాస్త్రవేత్తలు ఆస్ట్రేలియాలోని ఎకియం మొక్కల జన్యువుల్ని పరీక్షిస్తే, వాటిలో వైవిధ్యం చాలా ఎక్కువగా కనిపించింది. ఒక ఇంటి తోటలో చల్లిన గుప్పెడు గింజల నుంచి అంత వైవిధ్యం రాదు. అంటే ఈ మొక్క చాలాసార్లు, చాలా దారుల్లో వచ్చింది. కానీ శాపం పేరు మాత్రం ఒక్క కుటుంబానికి అంటుకుంది. చరిత్రలో ఇలాగే జరుగుతుంది. వందమంది కలిసి చేసిన పనికి జనం ఒక్కరి పేరు గుర్తుపెట్టుకుంటారు.

ఇంకో విషయం. మొక్క తనంతట తానే గెలవలేదు. ఆస్ట్రేలియాలో అంతకుముందు ఏళ్ళ తరబడి బతికే స్థానిక గడ్డి జాతులుండేవి. వలస వచ్చినవాళ్ళు అడవులు కొట్టారు, గొర్రెల్ని లెక్కకు మించి మేపారు, కుందేళ్ళు వచ్చి మిగిలింది కొరికేశాయి. నేల ఖాళీ అయింది. ఖాళీ నేల, ప్రతి ఏడూ కొత్తగా మొలిచే మొక్క. ఇంతకన్నా మంచి ఆహ్వానం ఏముంటుంది? చివరికి ఇది దక్షిణ ఆస్ట్రేలియా ఖండంలో 3 కోట్ల హెక్టార్లకు పైగా నేలలో కనిపించే స్థాయికి వెళ్ళింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండు రాష్ట్రాలూ కలిపితే ఇంచుమించు 2.75 కోట్ల హెక్టార్లు. సైజు అర్థమైంది కదా.

శాపం ఎందుకంటే

ఈ మొక్క ఆకుల్లో పైరోలిజిడిన్ ఆల్కలాయిడ్స్ అనే రసాయనాలుంటాయి. పురుగులు తినకుండా మొక్క తయారుచేసుకున్న రక్షణ అది. పశువు తింటే ఏమవుతుందంటే, ఆ రసాయనం నేరుగా చంపదు. కాలేయం దాన్ని శుభ్రం చేయబోయి, ఇంకా ప్రమాదకరమైన పదార్థంగా మార్చేస్తుంది. అది కాలేయ కణాల్నే దెబ్బతీస్తుంది. తిన్నరోజు ఏమీ తెలియదు. నెలల తర్వాత పశువు చిక్కిపోతుంది, తూలుతుంది, పడిపోతుంది. అప్పటికి ఆలస్యం అయిపోయి ఉంటుంది.

గొర్రెలు కొంతవరకు తట్టుకుంటాయి. వాటి పొట్టలోని సూక్ష్మజీవులు ఆ విషాన్ని కొంత విరగ్గొడతాయి. అయినా సీజన్ తర్వాత సీజన్ ఇదే మేస్తే వాటికీ ముప్పే. గుర్రాలు, పందులు అస్సలు తట్టుకోలేవు. 2003 జనవరిలో కాన్‌బెర్రా చుట్టూ పెద్ద కార్చిచ్చు వచ్చింది. మేత కాలిపోయింది. కాలిన నేల మీద మొదట లేచిన పచ్చదనంలో ఈ మొక్క ఉంది. ఆకలితో గుర్రాలు అదే తిన్నాయి. నలభైకి పైగా గుర్రాల్ని, ఇక బతకవని తేలాక, బాధ లేకుండా చంపాల్సి వచ్చింది. మంటల నుంచి తప్పించుకున్న గుర్రాలు పువ్వు వల్ల పోయాయి.

వరం ఎందుకంటే

ఇప్పుడు అవతలి పక్క వినండి. వాళ్ళు చెప్పేదీ అబద్ధం కాదు.

సౌత్ ఆస్ట్రేలియాలో వాన తక్కువ పడే ప్రాంతాలున్నాయి. కరువు సంవత్సరంలో మంచి గడ్డి చచ్చిపోతుంది, ఈ మొక్క మాత్రం ఉంటుంది. గొర్రె ఆకలితో ఈరోజు చావడమా, లేక కాలేయం కొంచెం పాడైనా ఈ సీజన్ గట్టెక్కడమా? అక్కడి పశువుల రైతుకి లెక్క చాలా సింపుల్. మేకలు ఎండాకాలంలో తుమ్మకాయలు తిని బతకడం చూసిన రాయలసీమ వాళ్ళకి ఇది ఎక్కువ వివరించక్కర్లేదు.

ఇక తేనెటీగలు. ఆస్ట్రేలియాలో తేనెటీగల పెంపకందారులు పెట్టెల్ని లారీల్లో ఎక్కించుకుని పూల వెంట తిరుగుతారు. వేసవిలో యూకలిప్టస్ పూస్తుంది, అది వాళ్ళ పెద్ద పంట. కానీ ఆ పంటకు ముందు పెట్టెలో ఈగల సంఖ్య పెరగాలి. వసంతంలో విరగబూసే ఎకియం ఆ పని చేస్తుంది. మకరందం బోలెడు, పుప్పొడిలో ప్రొటీన్ ఎక్కువ. చాలా కుటుంబాలకి సంవత్సరం మొత్తం ఆదాయం ఈ ఊదా నెలల మీద నిలబడింది. అందుకే వాళ్ళు శాపం అనే మాటే వాడరు, రివరినా బ్లూబెల్ అని ముద్దుగా ఇంకో పేరు పెట్టుకున్నారు.

యుద్ధం మొదలు

1972లో ఆస్ట్రేలియా జాతీయ పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్‌ఓ ఒక ప్రాజెక్ట్ మొదలుపెట్టింది. ఆలోచన ఇది: సొంత ఊళ్ళో ఈ మొక్క ఎందుకు ఇంతలా అల్లరి చేయట్లేదు? ఎందుకంటే అక్కడ దీన్ని తినే పురుగులు రకరకాలున్నాయి. ఆస్ట్రేలియాకి గింజ వచ్చింది, పురుగు రాలేదు. అయితే పురుగుల్నీ తెద్దాం.

దీన్నే బయలాజికల్ కంట్రోల్ అంటారు. ఇది ఆస్ట్రేలియాకి కొత్త కాదు. 1920లలో నాగజెముడు జాతులు కోట్ల ఎకరాలు ఆక్రమిస్తే, అర్జెంటీనా నుంచి కాక్టోబ్లాస్టిస్ అనే మాత్ పురుగుని తెచ్చి వదిలారు. కొన్నేళ్ళలో నాగజెముడు కూలిపోయింది. కృతజ్ఞతగా బూనార్గా అనే ఊళ్ళో ఆ పురుగు పేరు మీద ఒక హాలే కట్టారు. కానీ అదే దేశం 1935లో చెరకు పురుగుల కోసం కేన్ టోడ్ అనే కప్పని తెచ్చింది. ఆ కప్ప చెరకు పురుగుల సంగతి చూడలేదు, దేశం మీద పడింది. ఇప్పటికీ దాన్ని ఆపలేకపోతున్నారు.

మీలో కోడ్ రాసేవాళ్ళకి ఒక మాట. మనం ప్రొడక్షన్‌లో ఏదైనా పాడుచేస్తే రోల్‌బ్యాక్ ఉంటుంది. పురుగుని వదిలాక రోల్‌బ్యాక్ లేదు. రాష్ట్ర సరిహద్దు దానికి తెలియదు. అందుకే సీఎస్‌ఐఆర్‌ఓ వాళ్ళు దక్షిణ ఫ్రాన్స్‌లోని మోంపెలియేలో ఉన్న తమ కేంద్రం నుంచి ఏళ్ళ తరబడి పురుగుల్ని వెతికారు, ఇతర పంటల్ని తింటాయా లేదా అని ఒక్కొక్కటీ పరీక్షించారు. ఆకు లోపల సొరంగం తవ్వే ఒక చిన్న మాత్ పురుగు ముందుగా సిద్ధమైంది.

1980. దాన్ని వదలడం మొదలయ్యే టైమ్. కొందరు తేనెటీగల పెంపకందారులు, కొందరు పశువుల రైతులు కలిసి సౌత్ ఆస్ట్రేలియా సుప్రీం కోర్టుకెళ్ళారు. ప్రభుత్వ సంస్థ మా జీవనాధారాన్ని చంపబోతోంది, ఆపండి అన్నారు. కోర్టు స్టే ఇచ్చింది. ప్రాజెక్ట్ ఆగిపోయింది.

ఇక్కడ ఆగి ఒక్కసారి ఆలోచించండి. ఎవరు రైట్? గుర్రం చచ్చిపోయినవాడు తప్పు చెప్పట్లేదు. తేనె పెట్టెల మీద పిల్లల్ని చదివిస్తున్నవాడూ తప్పు చెప్పట్లేదు. సైన్స్ ఇక్కడ తీర్పు ఇవ్వలేదు. పురుగు పంటల్ని తింటుందా తినదా అనేది సైన్స్ చెబుతుంది. ఎవరి నష్టం ఎక్కువ విలువైనది అనేది సైన్స్ చెప్పదు. అప్పటివరకు ఆస్ట్రేలియాలో కలుపుమొక్క అంటే అందరికీ శత్రువే అనుకుని పని నడిచింది. ఈ కేసుతో, ఒకరి కలుపు ఇంకొకరి పంట కావచ్చు అని అధికారికంగా బయటపడింది. దాన్ని తేల్చే పద్ధతి ఏదీ చట్టంలో లేదని కూడా బయటపడింది.

చట్టం ఎలా పుట్టింది

ప్రభుత్వం 1984లో బయలాజికల్ కంట్రోల్ యాక్ట్ తెచ్చింది. రాష్ట్రాలు అలాంటి చట్టాలే తమకోసం చేసుకున్నాయి. సింపుల్‌గా చెప్తా. ఏదైనా మొక్కని టార్గెట్ చేయాలంటే ముందు బహిరంగంగా ప్రకటించాలి. అభ్యంతరం ఉన్నవాళ్ళు చెప్పుకోవచ్చు. అవసరమైతే విచారణ పెట్టాలి. లాభనష్టాలు రెండూ లెక్కేయాలి. అన్నీ అయ్యాక ప్రభుత్వం ఓకే అంటే, ఆ తర్వాత కోర్టుకెళ్ళి ఆపడం కుదరదు. అంటే గొడవంతా ముందే పడాలి, వదిలాక కాదు.

ఈ మొక్క మీద ఇండస్ట్రీస్ అసిస్టెన్స్ కమిషన్ విచారణ జరిపింది. రెండు పక్షాలూ తమ లెక్కలు పెట్టాయి. 1985లో రిపోర్ట్ వచ్చింది. పశుసంపదకి జరిగే నష్టం, తేనె, కరువు మేత ద్వారా వచ్చే లాభం కన్నా చాలా ఎక్కువ అని తేల్చింది. అయినా వెంటనే ఏమీ జరగలేదు. కోర్టు స్టే పూర్తిగా తొలగింది 1988లో. మొత్తం 8 ఏళ్ళు.

ఆ 8 ఏళ్ళు వృథా అనేవాళ్ళున్నారు. ప్రతి ఏడూ గింజలు రాలుతూనే ఉన్నాయి కదా, నిజమే. కానీ నా అభిప్రాయం వేరు. కేసు వేసినవాళ్ళు ఓడిపోయారు, అయినా వాళ్ళ వల్లే ఒక నియమం పుట్టింది. చిన్న గ్రూపు నష్టాన్ని కనీసం కాగితం మీద రాసి, లెక్కేసి, అప్పుడు ముందుకెళ్ళాలి అని. ఓడిపోయిన కేసులు కూడా దేశాల్ని మారుస్తాయి.

తర్వాత ఏమైంది

స్టే పోయాక మాత్ పురుగుని వదిలారు. అది పెద్దగా ఏమీ సాధించలేదు. అసలు పని చేసింది 1990లలో వదిలిన ముక్కు పురుగులు. వీటిలో ఒకటి మొక్క మొదలు దగ్గర, ఆకులన్నీ కలిసే చోట గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగులు ఆ మొదలునే లోపలి నుంచి తింటాయి. ఇంకోటి వేరుని తింటుంది. వీటికి తోడు వేరు మీద పడే ఒక గెంతుడు పెంకు పురుగు, పువ్వుల మీద పడే ఒక చిన్న పెంకు పురుగు. నలుగురూ నాలుగు వైపుల నుంచి. కొన్ని చోట్ల ఊదా రంగు బాగా పలచబడింది, గడ్డి తిరిగొచ్చింది. కొన్ని చోట్ల, ముఖ్యంగా కరువు ఏళ్ళలో, పురుగులే నిలదొక్కుకోలేదు. మొక్క అంతరించలేదు. అంతరించాలన్నది ప్లాన్ కూడా కాదు. ఇవి శత్రువుని తుడిచిపెట్టవు, అదుపులో పెడతాయి అంతే.

తేనె సంగతి ఇంకో మలుపు తిరిగింది. ఆకులోని ఆల్కలాయిడ్స్ పుప్పొడి ద్వారా కొంచెం తేనెలోకి కూడా వస్తాయని తెలిసింది. దాంతో ఆస్ట్రేలియా ఆహార ప్రమాణాల సంస్థ ఒక సలహా ఇచ్చింది: రోజూ రెండు టేబుల్ స్పూన్ల కన్నా ఎక్కువ తేనె తినేవాళ్ళు, అచ్చంగా ఈ పువ్వు తేనెనే తినకండి అని. అందుకే దీన్ని వేరే తేనెలతో కలిపి అమ్మడం మంచిదంటారు.

ఇంకో ట్విస్ట్. అదే మొక్క గింజల నూనెలో ఒమేగా 3 రకం కొవ్వు ఆమ్లాలుంటాయి. శుద్ధి చేసిన ఎకియం నూనెకి యూరోపియన్ యూనియన్ 2008లో కొత్త ఆహార పదార్థంగా అనుమతి ఇచ్చింది. ఆకు విషం, పువ్వు తేనె, గింజ మందుల షాపులో క్యాప్సూల్. ఇప్పుడు చెప్పండి, ఈ మొక్క మంచిదా, చెడ్డదా?

మనకేంటి?

మనకీ ఇలాంటి చరిత్రే ఉంది, కాకపోతే ఎక్కువమందికి తెలియదు. 1795లో ఎర్రరంగు తయారుచేసే పురుగు అనుకుని బ్రెజిల్ నుంచి ఒక పురుగుని బెంగాల్‌కి తెచ్చారు. తీరా అది అసలు రంగు పురుగు కాదు, దాని చుట్టం. రంగు సరిగ్గా రాలేదు, కానీ ఒక రకం జెముడుని ఊడ్చిపెట్టింది. అది చూసి 1836 నుంచి 1838 మధ్య దాన్ని కావాలనే దక్షిణ భారతానికి తెచ్చి జెముడు మీద వదిలారు. ఒక కలుపు మీదికి తెలిసి తెలిసి ఒక పురుగుని పంపి గెలిచిన ప్రపంచంలోని తొలి ఉదాహరణల్లో అది ఒకటి.

వయ్యారిభామ తెలుసు కదా, పార్థీనియం. దాన్ని తినే పెంకు పురుగుని 1983లో మెక్సికో నుంచి బెంగళూరుకి తెచ్చి, పరీక్షలు చేసి, మరుసటి ఏడు వదిలారు. కొన్నేళ్ళకి అది పొద్దుతిరుగుడు ఆకుల మీద కనిపించింది. రైతులు భయపడ్డారు, పెద్ద వివాదమైంది. పరిశీలిస్తే, పక్కనున్న వయ్యారిభామ పుప్పొడి గాలికి వచ్చి ఆ ఆకుల మీద రాలినప్పుడు ఆ వాసనకి పురుగు అక్కడ కొరుకుతోందని తేలింది. ల్యాబ్‌లో పాసైన టెస్ట్, పొలంలో కొత్త ఎర్రర్ చూపించింది.

ఇంక సర్కారు తుమ్మ. చెరువులు మింగేసింది, బీళ్ళు మింగేసింది, ముల్లు గుచ్చుకోని ఊరు లేదు. కానీ ప్రకాశం జిల్లా నుంచి రాయలసీమ వరకు దాన్ని కొట్టి, బొగ్గు కాల్చి, వంటచెరకు అమ్మి బతికే కుటుంబాలున్నాయి. రేపు ఎవరైనా వచ్చి, ఈ తుమ్మని తినే పురుగుని వదులుతాం అంటే? చెరువు కింద రైతు చప్పట్లు కొడతాడు. బొగ్గు బట్టీ దగ్గర కూర్చున్న ఆమెని ఎవరు అడుగుతారు? ఆమె కోర్టుకెళ్ళగలదా? ఆమె లెక్క ఏ రిపోర్టులోకి ఎక్కుతుంది?

ఆస్ట్రేలియా వాళ్ళ జవాబు పర్ఫెక్ట్ అని నేను అనను. కానీ ప్రశ్నని మాత్రం వాళ్ళు చట్టంలో రాసిపెట్టుకున్నారు. శాపం అంటున్నవాడినీ, వరం అంటున్నవాడినీ ఒకే బల్ల ముందు కూర్చోబెట్టి, పురుగు డబ్బా మూత తీయకముందే మాట్లాడించాలి అని.

మీ ఊళ్ళో ఇలాంటి మొక్క ఏదైనా ఉందా? ఒకరు పీకేస్తుంటే ఇంకొకరు దాచుకునేది? కామెంట్స్‌లో రాయండి. మీ ఊళ్ళో దానికున్న పేరు కూడా రాయండి, పక్క ఊళ్ళో వేరే పేరుంటే అది ఇంకా మంచిది. వచ్చే ఎపిసోడ్‌లో గుర్రపు డెక్క కథ. అందాక సెలవు.